కోనాం చేపలూ, తెలివిమీరిన తాళమూ

విశాఖ తీరాన జరిగిన ఒక మహాసంగ్రామం గురించి చెప్పబోతున్నాను. ఇందులో సముద్రం ఉంది, ఉక్కు ఉంది, ఏళ్ళనాటి స్నేహం పటపటా విరిగే చప్పుడుంది. కళ్ళకి గంతలు కట్టుకున్న న్యాయదేవత చేతిలో త్రాసు బదులు ఫోన్ పట్టుకుని నిలబడటం ఉంది. మూడువందల మంది ఆకలి ఉంది. గుండె దిటవు చేసుకుని చదవండి.

మొదలుపెట్టేశారు కదా, ఇక అసలు సంగతి చెప్పేస్తాను. సంగ్రామం ఏమీ జరగలేదు. ఒక గది తలుపు తెరుచుకోలేదు. లోపల చేపలున్నాయి. తెరుచుకోకుండా చేసినవాణ్ణి నేను. అంతే కథ. కానీ ఆ పూట నా బతుకు ఎంత దుర్భరంగా నడిచిందో మీరు చూడలేదు గనక, సంగ్రామం అన్న మాట వెనక్కి తీసుకోను.

అప్పటికి నేను రుషికొండ మీద ఒక కంపెనీలో కోడు రాసుకునే ఉద్యోగంలో కొత్త. శనాదివారాలు ఖాళీగా ఉండలేక బ్లాక్‌చైన్ కోర్సొకటి చేశాను. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే, నా విషయంలో క్లయింటు లేడు, ఆఫీసు లేదు, విజిటింగ్ కార్డు మీద మాత్రం 'వ్యవస్థాపకుడు' అని అచ్చు వేయించేశాను. వ్యాపార తగాదాలన్నీ కోర్టుకెళ్ళకుండా, పెద్దమనుషుల కాళ్ళు పట్టుకోకుండా యంత్రమే తీర్చేసే రోజు వస్తుందని, ఆ రోజుని విశాఖకి నేనే తెస్తానని నా నమ్మకం.

బ్లాక్‌చైన్ అంటే తెలియనివాళ్ళకి ఒక్క ముక్కలో చెబుతాను. మీరు ఊళ్ళో ఒక మాట అంటే వందమంది విని గుర్తుపెట్టుకున్నారనుకోండి, రేపు 'నేనలా అనలేదే' అని తప్పించుకోలేరు కదా, ఇదీ అంతే. గుర్తుపెట్టుకునేవి మనుషులు కాదు, కంప్యూటర్లు. హార్బర్‌లో ఉండే పైడమ్మత్త ఒక్కతే ఆ పని చేయగలదనుకోండి, అది వేరే సంగతి. ఇక స్మార్ట్ కాంట్రాక్ట్ అంటే, అందులో రాసిన షరతుల్ని అదే చూసుకుని, అదే అమలు చేసే ఒప్పందం. బతిమాలితే వినదు. తిడితే వినదు. టీ ఇప్పిస్తే తాగదు. ఒకసారి అందులో రాసింది ఎవరూ చెరపలేరు, రాసినవాడితో సహా. ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగి ఊపిరి పీల్చుకోండి. నేను అప్పట్లో ఆగలేదు.

మా మావయ్య సింహాచలం, అంటే మా అమ్మ తమ్ముడు, ఫిషింగ్ హార్బర్ వెనక వీధిలో చిన్న కోల్డ్ రూమ్ నడుపుతాడు. పడవలవాళ్ళ దగ్గర చేపలు కొని అందులో దాచి, హోటళ్ళకీ మెస్సులకీ అమ్ముతాడు. ఆయన దగ్గర ఏళ్ళ తరబడి కొంటున్న మనిషి నూకరాజు బాబాయి. పెందుర్తిలో ఈయనకొక మెస్ ఉంది. వాళ్ళిద్దరూ ఒకరినొకరు 'బావా' అనుకుంటారు. చుట్టరికమేమిటో ఇద్దరికీ సరిగ్గా తెలియదు.

బాబాయి సరుకుకొచ్చిన ప్రతిసారీ ఈ తంతు నడిచేది:

"ఏటి బావ ఇది? సేపా, దూదా? నొక్కితే ఏలు లోనికెలిపోతంది!"

"నీ ఏలు పొడుగు బావ. దానికి సేపేటి సేస్తది?"

"ఆ కళ్ళు సూడు, తెల్లగా ఎలగైపోనాయో!"

"నువ్వొత్తన్నావని తెలిసి రాత్రంతా ఏడిసినాది, పాపం."

"పిల్లులు కూడా ముట్టవు బావ ఇలాటి సేపని!"

"అందుకే నీకు దాసినాను."

ఇలా ఓ అరగంట. తరవాత ఇద్దరూ అరుగు మీద కూర్చుని టీ తాగేవారు, బాబాయి సరుకు ఆటోట్రాలీలో వేసుకుని వెళ్ళిపోయేవాడు. ఒక ఆదివారం నేనిదంతా కళ్ళారా చూశాను. ఆకలేసినవాడికి అన్నం కనబడ్డట్టు, నాకు వాళ్ళిద్దరిలో 'వ్యాపార వివాదం' కనబడింది.

"మావయ్యా, మీ ఇద్దరి తగువూ శాశ్వతంగా తీర్చేస్తాను," అన్నాను.

"తగువేట్రా అల్లుడూ? మాకేటి తగువు?"

"ఇందాకంతా తిట్టుకున్నారుగా."

"అది తగువేట్రా? అది యాపారం."

ఇంత స్పష్టమైన హెచ్చరిక నా జీవితంలో ఎవరూ ఇవ్వలేదు. నేను ల్యాప్‌టాప్ తెరిచాను.

నెలరోజులపాటు నిద్ర మాని తయారుచేసిన ఏర్పాటు ఇది. కోల్డ్ రూమ్ తలుపుకున్న పాత గొళ్ళెం పీకించి ఎలక్ట్రానిక్ తాళం పెట్టించాను. ఆ తాళం మావయ్య మాట వినదు, బాబాయి మాట వినదు, స్మార్ట్ కాంట్రాక్ట్ మాట మాత్రమే వింటుంది. సరుకు తీసుకెళ్ళే రోజున చూపించడానికని అది ఒక్కసారి పట్టు వదులుతుంది. అప్పుడు మావయ్య తలుపు తీసి చేపలు చూపించి మళ్ళీ మూసేయాలి. చూశాక బాబాయి తన ఫోన్‌లో రెండింట్లో ఒక మీట నొక్కాలి. 'సరుకు బాగుంది' అని నొక్కితే తలుపు తెరుచుకుంటుంది. 'అభ్యంతరం ఉంది' అని నొక్కితే తలుపు బిగుసుకుంటుంది, ముగ్గురు మధ్యవర్తులకి కబురు వెళుతుంది. ముగ్గురిలో ఇద్దరు సరేనంటే తప్ప తెరుచుకోదు. డబ్బు లెక్కలు మాత్రం ఎప్పట్లా చేత్తోనే చూసుకుంటామన్నారు. అక్కడ నన్ను వేలు పెట్టనివ్వలేదు. పెద్దవాళ్ళు ఊరికే పెద్దవాళ్ళవరు.

మధ్యవర్తులు ఎవరంటే, ఒకరు పైడమ్మత్త. హార్బర్‌లో చేపల వేలం పాట పాడుతుంది, ఆవిడ గొంతు విని సముద్రంలో పడవలు దారి తెలుసుకుంటాయని చెప్పుకుంటారు. రెండోవాడు ఎర్రయ్య తాత. వేటలో తల నెరిసిన మనిషి, పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడలేదని జాలారిపేట అంతా పేరు. మూడోవాణ్ణి నేను. నిష్పక్షపాతం అంటే నా ముఖమే గుర్తొచ్చింది మరి.

పైగా రెండు మెరుగులు దిద్దాను. ఒకటి: ఒకసారి అభ్యంతరం పెట్టాక వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. బలవంతుడు బెదిరించి వెనక్కి తీసుకోమంటే బలహీనుడి గతేమిటి, అని నా ధర్మసందేహం. రెండు: మధ్యవర్తి ఎవరికైనా బంధువైతే అతని ఓటు చెల్లదు. న్యాయం అంటే న్యాయమే.

బంధువులు కానివాళ్ళ కోసం హార్బర్‌లో వెతకడం, సముద్రంలో ఉప్పు లేని చెంబెడు నీళ్ళ కోసం వెతకడం లాంటిదని నాకు తట్టలేదు.

ఆ వేసవిలో చేపల వేట నిషేధం మొదలైంది. పడవలన్నీ ఒడ్డున బారులు తీరి కట్టేసి ఉన్నాయి. సరిగ్గా అప్పుడే బాబాయి బతుకులోకెల్లా పెద్ద ఆర్డరు పట్టుకున్నాడు. ఉక్కునగరంలో ఒక ఫోర్‌మన్ గారి రిటైర్మెంట్ విందు. మూడువందల మందికి కోనాం చేపల (వంజరం అంటారే, అవే) పులుసు, వేపుడు.

"ఒరే అబ్బాయ్," అన్నాడు బాబాయి నాతో, "ఇన్నాళ్ళూ పెందుర్తిలో ఇరుకు మెస్సులో అరువు తిండి పెడతన్నాను. ఈ ఒక్క పూట ఉక్కునగరపోల్లు నా పులుసు తిని బాగుందన్నారంటే, అక్కడ నెలకెంతమంది రిటైరవుతారో నీకు తెలుసా? అన్ని ఇందులూ నాకే! పాడైపోనాదంటే మాత్రం ఈ జన్మకి ఆ గేటు దాటి లోనికెల్లను."

"నిషేధంలో ఇన్ని కోనాం చేపలు ఎక్కణ్ణించి వస్తాయి బాబాయ్?"

"పడవలు ఆగకముందే మీ మావ కొని గదిలో పెట్టీసినాడు నాకోసం. ఊరంతా తిరిగినా ఇంకెక్కడా దొరకవు."

నాకు ఒళ్ళు పులకరించింది. ఇంత గొప్ప సరుకుతో నా కాంట్రాక్ట్ ప్రారంభోత్సవం! అందరికీ ఫోన్లలో యాప్ ఎక్కించాను. తాళానికి పసుపు రాశాను. కొబ్బరికాయ కూడా కొట్టాను.

విందు రోజు పొద్దున్నే బాబాయి ఆటోట్రాలీతో దిగాడు. మావయ్య తలుపు తీశాడు. లోపల బారెడేసి కోనాం చేపలు వెండి కడ్డీల్లా మెరుస్తున్నాయి. వాటిని చూసి బాబాయి కళ్ళూ మెరిశాయి. నేను కళ్ళారా చూశాను. మావయ్య తలుపు మూశాడు. తాళం ముద్దుగా చప్పుడు చేసి పట్టుకుంది.

"బాబాయ్, ఇప్పుడు ఫోన్‌లో నొక్కు," అన్నాను.

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "ఏటి బావ, ఇవి కోనాములా, గుడ్డపేలికలా? ఒంట్లో సత్తువే లేదు వీటికి!" అంటూ, అలవాటైన చెయ్యి అలవాటైన పని చేసినట్టు, 'అభ్యంతరం ఉంది' అని నొక్కేశాడు. దానికింద కారణం అడిగితే, మైకులో 'సేప మెత్తబడినాది' అని కూడా చెప్పాడు.

మావయ్య నవ్వుతూ జవాబు ఎత్తుకున్నాడు. "నీ వొంట్లో ఉన్నాదేటి బావ సత్తువ?"

ఇద్దరూ హాయిగా ఓ విడత తిట్టుకుని టీ తాగారు. గ్లాసు కింద పెట్టి బాబాయి, "సరే, తలుపు తియ్యండి, పొద్దెక్కుతంది," అన్నాడు.

నేను తాళం వైపు చూపించాను.

"అది తెరుచుకోదు బాబాయ్. నువ్వు అభ్యంతరం పెట్టావు."

"పెట్టినాను. రోజూ పెడతాను. అయితే ఏటి?"

"అది నిజమనుకుంది."

బాబాయి తలుపు వైపు, ఎదుట నిలబడ్డ మూర్ఖుణ్ణి చూసినట్టు చూశాడు. తరవాత ఆ చూపు నిదానంగా నా మీదకి మళ్ళింది.

"ఎవులైనా సేప కొనేటప్పుడు బాగుందంటారేట్రా? బాగుందని కొంటే పరువేటుంటాది? సరే, తప్పైపోనాదని సెప్పు దానికి. ఎనక్కి తీసుకుంతన్నాను."

"వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు బాబాయ్."

"ఎందుకలగ?"

"బలవంతుడు నిన్ను బెదిరించొచ్చు."

"ఎవులా బలవంతుడు?"

మావయ్య టీ గ్లాసుతో, లుంగీ పైకి కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన బలహీనంగా చెయ్యెత్తాడు. "నానే గావాల."

అప్పుడే బాబాయి ఫోన్ మోగింది. ఉక్కునగరం నుంచి వంటమాస్టారు. ఆ గొంతు మాకందరికీ వినబడింది. "మసాలా నూరీసినాం, చింతపండు నానబెట్టీసినాం, పొయ్యి మీద బాణలి ఎక్కించీసినాం. సేపలెక్కడున్నాయి?"

"దార్లో ఉన్నాయి," అన్నాడు బాబాయి. అవి దారికి సరిగ్గా ఒక తలుపు దూరంలో ఉన్నాయి.

"కంగారు పడకండి," అన్నాను. ప్రపంచంలో ఎవరైనా ఈ మాట అన్నారంటే కంగారు పడాల్సిన వేళ అయిందని అర్థం. "మధ్యవర్తుల్లో ఇద్దరు ఓటేస్తే చాలు. నా ఓటు నేనిప్పుడే వేసేస్తున్నాను."

నొక్కాను. 'మీరు ఇరుపక్షాల్లో ఎవరికైనా బంధువా?' అని అడిగింది. నా ప్రశ్నే. నేను రాసిన అక్షరాలే. అబద్ధం చెబుదామనుకున్నాను కానీ, నా పేరు నమోదు చేసిన రోజునే 'సింహాచలం గారి మేనల్లుడు' అని ఒళ్ళు పొంగి రాసుకున్నాను. నా ఓటు చెల్లదంది. తాను తీసిన గోతిలో తానే పడటం పాత సామెత. నేను గొయ్యి తీసి, దానికి మెట్లు కట్టి, రిబ్బన్ కత్తిరించి మరీ దిగాను.

ఇక మిగిలినవి రెండు ఓట్లు. రెండూ కావాలి. మావయ్య పరుగున వెళ్ళి పైడమ్మత్తనీ, వలలు బాగుచేసుకుంటున్న ఎర్రయ్య తాతనీ వెంటబెట్టుకొచ్చాడు.

పైడమ్మత్త వస్తూనే కొంగు బిగించి అరుగెక్కి కూర్చుంది. "ఊఁ, సెప్పండి. తగువేటి?"

"తగువేమీ లేదత్తా," అన్నాను. "నువ్వు ఊరికే 'తలుపు తియ్యొచ్చు' అని నొక్కెయ్."

"తగువు లేకపోతే తీర్పేట్రా గుంటడా? నా నోటంట ఒకసారి తీర్పొచ్చిందంటే నిలబడాల. ఇద్దరి మాటా ఇనకుండా నొక్కీమంటావా? నానేటి, యేలిముద్రల మనిషినా? తిట్టుకోండి, ఇంటాను."

తిట్టుకోవడంలో ఇరవయ్యేళ్ళ అనుభవం ఉన్న ఇద్దరు మనుషులు, అడిగేసరికి సిగ్గుపడ్డారు.

"బావ," అన్నాడు బాబాయి నేల చూపులు చూస్తూ, "నీ సేప... మరీ అంత బాగోలేదు."

"అవును బావ," అన్నాడు మావయ్య. "ఏటనుకోకు."

పైడమ్మత్త నుదురు కొట్టుకుంది. "ఇది తగువా, పెళ్ళిసూపులా? ఓరి సింహాచలం, ఈడు నీ సేప మెత్తబడినాదని సెప్పినాడంట కదా, నిజవేనా?"

"అది రోజూ సెప్పేదే అత్తా."

"రోజూ నీ సెవిలో సెప్తాడు. ఇయాల ఎక్కడ సెప్పినాడు?"

మావయ్య నా వైపు తిరిగాడు. "ఎక్కడ సెప్పినాడ్రా అల్లుడూ?"

ఆ క్షణంలో నోరు మూసుకుని ఉంటే నేను మహానుభావుణ్ణి అయ్యేవాణ్ణి. "బ్లాక్‌చైన్‌లో మావయ్యా. లోకంలో కంప్యూటర్లన్నీ రాసుకుంటాయి. ఎప్పటికీ చెరిగిపోదు," అన్నాను, కాస్త గర్వంగా కూడా.

మావయ్య ముఖం మారిపోయింది. "అంటే... ఈ సింహాచలం సేప మెత్తబడినాదని లోకమంతా రాసుకున్నాదా? నా మనవలు పుట్టి పెద్దోల్లైనా ఉంటాదా ఆ రాత?"

"ఉంటుంది మావయ్యా. అదే దాని గొప్పతనం."

"బావ!" అన్నాడు మావయ్య. ఈసారి గొంతులో నవ్వు లేదు. "నా మొకం మీద నువ్వెన్నన్నా అనినావు, నాను పడినాను. లోకానికి సెప్తావా? నిషేధంలో ఊరికెవులికీ దొరకని సరుకు, పెద్ద హోటలోడొచ్చి అడిగినా ఇవ్వకుండా నీకోసం అట్టే పెట్టినాను. నా సేప మెత్తబడినాదా?"

"నానేటి కావాలని సెప్పినానేటి? నీ మేనల్లుడు మైకెట్టి అడిగినాడు!"

"అడిగితే సెప్పేస్తావా?"

"అయితే పోయినేడు నీ రొయ్యలు పాడైతే ఎవులికైనా సెప్పినానా నాను? నా మెస్సులోల్లకి కోడికూరెట్టి, నీ పేరు బయటికి రానివ్వలేదు!"

"ఆ రొయ్యలు పాడైనాయా? మరి నాకెందుకు సెప్పలేదు?"

"నువ్వు బాధపడతావని!"

"నాను బాధపడితే నీకేటి!"

"ఏటంటే... ఏటంటే... నువ్వు ఉత్త ఎదవ్వి బావ!"

ఇరవయ్యేళ్ళుగా పొద్దుపోక తిట్టుకున్న మనుషులు ఆ రోజు నిజంగా తిట్టుకున్నారు. తేడా ఏమిటంటే, ఎప్పుడూ చేపని తిట్టేవారు, ఆ రోజు మనిషిని తిట్టారు. బాబాయి చరచరా వెళ్ళి ఎక్కణ్ణించో గునపం పట్టుకొచ్చాడు. మావయ్య రెండు చేతులూ చాపి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"నా తలుపు మీద దెబ్బ పడితే, మన మాటలు ఇక్కడితో ఆఖరు బావ!"

"నా సేపలు లోపలుంటే, మాటలెవులిక్కావాల?"

నేను మధ్యలో నిలబడి, "ఇది ఇలా డిజైన్ చేయలేదండీ," అంటున్నాను. ఎవరూ పట్టించుకోలేదు. పైడమ్మత్త మాత్రం తృప్తిగా తలూపింది. "ఆఁ, ఇప్పుడు తగువైంది. ఆపండింక. సింహాచలం సేప మంచిది. నూకరాజు నోరు చెడ్డది. తలుపు తియ్యండి. ఇదే తీర్పు." అని ఫోన్ తీసుకుంది. 'బంధువా?' అని అడిగితే, "ఈలిద్దరూ మా పెద్దోడి పెళ్ళికి రాలేదు, బందువులేటి!" అని 'కాదు' నొక్కింది. ఓటు చెల్లింది! తాళం మీద ఒక దీపం పచ్చగా వెలిగింది.

ఇంకొక్క ఓటు. వంటమాస్టారు మళ్ళీ ఫోన్ చేశాడు. చింతపండు నానీ నానీ పులుసు తనంతట తనే అయిపోయేలా ఉందట. బాబాయి గునపం కింద పెట్టి, ఎర్రయ్య తాత ఫోన్ తెరిచి ఆయన చేతికందించాడు.

"తాతా, నీ కాళ్ళకి దండం. నొక్కు."

తాత కళ్ళజోడు పెట్టుకుని నింపాదిగా చదివాడు. "మీరు ఇరు... పక్షాల్లో... ఎవలికైనా... బందువా?"

"కాదని నొక్కు తాతా!" అని అరిచాను.

తాత ఫోన్ దించి నా వైపు చూశాడు. "అబద్దమాడమంటావేట్రా? నా మనవరాల్ని నూకరాజు తోడల్లుడి కొడుక్కిచ్చినాను. రేపు ఆ పిల్ల, 'తాతా, మనకీ ఆలకీ ఏటీ కాదని రాయించినావంట' అనడిగితే నాను మొకమెక్కడ పెట్టుకోవాల? అందులోనా, చెరిగిపోదంటన్నావు!"

అవునని నొక్కాడు. దీపం ఎర్రగా వెలిగి ఆరిపోయింది. ఓటు చెల్లలేదు. జీవితమంతా అబద్ధమాడని మనిషిని ఏరికోరి తెచ్చుకున్నాను కదా, ఆయన తన పని తాను చేశాడు.

తెరుచుకునే దారి ఇక లేదు. కోడు నాదే, మార్చడానికి నాకే అధికారం లేదు. మావయ్య తలుపుకి ఆనుకుని చతికిలబడ్డాడు. బాబాయి చొక్కా చేతితో ముఖం తుడుచుకుని, ఫోర్‌మన్ గారి నంబరు వెతుకుతున్నాడు.

"ఏటి సెప్తావు బావ?" అనడిగాడు మావయ్య, మెల్లగా.

"ఏటి సెప్తాను. ఇందు నావల్ల కాదు, కాళ్ళు పట్టుకుంటానని సెప్తాను. ముప్పయ్యేళ్ళు కొలిమి కాడ పని సేసిన మనిషి. ఆయన ఆఖరి ఇందులో వొట్టి అన్నం."

"పోనీ, తలుపు పగలగొట్టీ బావ," అన్నాడు మావయ్య, పక్కకి జరిగి. "తలుపు మళ్ళీ సేయించుకుంతాను."

"వొద్దు బావ. నీ తలుపు."

"పగలగొట్టీమంటన్నాను!"

"వొద్దంటన్నాను!"

మళ్ళీ గొడవ. ఈసారి మర్యాద కోసం. బాబాయి గునపం ఎత్తడానికి ఒప్పుకోకపోతే, మావయ్యే ఎత్తాడు. అప్పుడు అరుగు మీది ఫ్యాను ఆగిపోయింది. కోల్డ్ రూమ్ మోటారు ఒకసారి మూలిగి నిశ్శబ్దమైపోయింది. వీధి చివర లైనుమీద పడుతున్న చెట్టుకొమ్మలు కొట్టడానికి కరెంటు తీశారు.

"అదొక్కటే తక్కువైంది," అంది పైడమ్మత్త.

అప్పుడు తలుపు, 'టక్' అంది.

తనంతట తానే జానెడు తెరుచుకుంది. లోపలి చల్లటి పొగ మా కాళ్ళ మీదుగా మెల్లగా పారింది. మావయ్య ఎత్తిన గునపం ఎత్తినట్టే ఉండిపోయాడు. ఎర్రయ్య తాత రెండు చేతులూ జోడించాడు. పైడమ్మత్త, "నా తీర్పు బలం సూసినారా!" అంది. నేను గొంతు సవరించుకుని, "సిస్టమ్ పునరాలోచించింది," అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేదు.

బాబాయి ఎవరి మాటా వినలేదు. లోపలికి దూకి, మొదటి కోనాం చేపని చంటిబిడ్డనెత్తుకున్నట్టు రెండు చేతుల్లో ఎత్తుకుని బయటికొచ్చాడు. వేలితో నొక్కి చూశాడు. "రాయిలాగున్నాది బావ!" అన్నాడు, కళ్ళనీళ్ళతో. ఇరవయ్యేళ్ళలో మొదటిసారి మావయ్య చేపని ఆయన పొగిడాడు. మావయ్య మాత్రం, "ఎల్లెల్లు, ఎండెక్కుతంది," అని విసుక్కున్నాడు.

అందరం కలిసి మోశాం. తాత కూడా రెండు చేపలు మోశాడు. న్యాయమూర్తులు సాక్ష్యం మోయడం అక్కడే చూశాను. గాజువాక దగ్గర ట్రాఫిక్‌లో బాబాయి ఆటోట్రాలీలోంచి లేచి నిలబడి, ముందున్న బస్సులవాళ్ళందరినీ వరస పెట్టి బతిమాలాడు. ఉక్కునగరం చెట్ల నీడల్లోకి మలుపు తిరిగేసరికి, వంటమాస్టారు వీధి చివరికి ఎదురొచ్చి నిలబడి ఉన్నాడు, చేతిలో గరిటెతో.

విందు కాస్త ఆలస్యమైంది. ఎవరూ ఏమీ అనలేదు. అప్పటికి సభలో ఉపన్యాసాలు ఇంకా అవలేదు, ఆ ఉపన్యాసకులకి నా జన్మంతా రుణపడి ఉంటాను. ఫోర్‌మన్ గారు పులుసు కలుపుకుని మొదటి ముద్ద తిని, కళ్ళు మూసుకుని, మళ్ళీ పులుసు వేయమన్నారు. బాబాయి ఆ గరిటె పట్టుకున్న చెయ్యి చూడాలి! పక్క బంతిలో ఒకాయన, "వచ్చే నెల మాదీ ఉందండీ," అంటూ బాబాయి నంబరు అడిగాడు. నాకు అప్పటిదాకా ఎక్కడో ఆగిపోయిన ఊపిరి అక్కడ బయటికొచ్చింది. ఆ ఊపిరితో పాటే ఆకలి కూడా వచ్చింది. మూడు ముక్కలు తిన్నాను.

మావయ్య నా పక్కనే తింటున్నాడు. బాబాయి వడ్డిస్తూ వచ్చి, "ఎలగున్నాది బావ?" అనడిగాడు.

మావయ్య చప్పరించాడు. "సేప బాగున్నాది. పులుసే, కుడితిలాగున్నాది."

"నీ నోటికి కుడితే ఎక్కువ బావ!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. నాకు ఎంత హాయిగా అనిపించిందంటే, నా కోర్సు సర్టిఫికెట్ వచ్చిన రోజున కూడా అంత సంతోషం కలగలేదు.

మర్నాడే ఆ తాళం విప్పించి పాత గొళ్ళెం బిగించారు. కాంట్రాక్ట్‌లో మాత్రం ఆ తగాదా ఇంకా నడుస్తూనే ఉంది. రెండో ఓటు కోసం ఎక్కడెక్కడి యంత్రాలో ఓపిగ్గా కాచుకుని ఉన్నాయి. మావయ్యకి ఆ సంగతి చెప్పలేదు.

కాబట్టి, బంగాళాఖాతం సాక్షిగా, గొంతులో గుచ్చుకున్న కోనాం ముల్లు సాక్షిగా, ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇద్దరు మనుషులు మనస్ఫూర్తిగా తిట్టుకుని టీ తాగుతుంటే, ఈ జన్మలో వాళ్ళ మధ్య ల్యాప్‌టాప్ తెరవను. తప్పనిసరై తెరిచినా, వెనక్కి తీసుకునే మీట పెట్టకుండా మూయను. చుట్టరికాలు లేనివాణ్ణి ఎవరైనా నాకు చూపించేవరకూ న్యాయం జోలికి పోను.

ఇంకొక్క సంగతి. తాళం విప్పడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ చెప్పాడు. అలాంటి అయస్కాంతం తాళం కరెంటు ఉన్నంతసేపే తలుపుని పట్టుకుంటుందట. దాని ప్లగ్గు బయట, అరుగు పక్క గోడకే ఉంది, ఐసు పెట్టెల వెనక. విడిగా స్విచ్చు కూడా ఉంది.